మగ్గపు గుంట – ఎండ, చెట్టు, నీరు

మన వృత్తికి గాలి శత్రువని చిన్ననాటినుంచి వింటూనే ఉన్నాము. పొడిగాలి తగిలితే పడుగు పోగులు తెగుతవి. తెగిన పోగు అతుకుటకు పట్టే కాలమంతా మన కూలిలోనుంచే పోతుంది. అందుచేతనే మగ్గమున్న గదికి కిటికీలు మూసియుంచుట, నేలలో గుంట తవ్వి మగ్గము దించుట మన ఇండ్లలో ఆచారమైనవి. గుంటలోని చెమ్మ పోగును కాపాడే మాట నిజమే. అయితే ఆ చెమ్మలోనే మన కాళ్లు దినమునకు ఎనిమిది, పది గంటలు ఉంటున్నవి. పోగుకూ మనిషికీ రాజీ ఎట్లు కుదుర్చవచ్చునో ఈ పాఠములో విచారింతము.

మొదట ఎండ సంగతి. ఎముకల బలమునకు కావలసిన డి విటమిను చాలమటుకు చర్మముపై ఎండ పడినప్పుడే శరీరములో తయారవుతుంది; మనము తినే అన్నము, పప్పు, కూరలలో అది లేదనే చెప్పవచ్చును. తెల్లవారుజామున వీధిలో పడుగు చాచి, గంజి పట్టించి, కుంచె తోస్తూనే ఉన్నాము గదా, ఆ ఎండ చాలదా అని సభ్యులు అడుగుతుంటారు. చాలదు. ఆ నడకా, ఆ చల్లగాలీ ఒంటికి మంచివే గాని, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ విటమినును పుట్టించే కిరణములు నేలకు చేరేది బహు తక్కువ. పదకొండు మొదలు రెండు గంటల లోపలి ఎండయే పనికివస్తుంది. భోజనమునకు లేచినప్పుడు ముఖము, చేతులు, కాళ్లు ఎండ తగిలేటట్లు ఇరవై, ముప్పై నిమిషములు బయట ఉండుట, వారమునకు మూడు నాలుగు దినములైనా, అలవాటు చేసుకోవలెను. వడగాడ్పుల దినములలో మాత్రము పదకొండింటికే కొద్దిసేపు నిలిచి నీడకు రావలెను. రాట్నము ముందు కూర్చుని కండెలు చుట్టే ఆడవారికి ఇది మరీ ముఖ్యము. పూర్వము వారు నీళ్లకైనా బయటకు వెళ్లేవారు. కొళాయి ఇంటిలోనికి వచ్చిన తరువాత ఆ వంకా పోయినది!

ఇరవై నిమిషములకొకసారి నాడె ఆపి, గుమ్మములోనుంచి దూరపు చెట్టు కొమ్మవైపు కొద్ది క్షణములు చూస్తే కన్నులకు అలసట తగ్గుతుంది. పిల్లలను దినమునకు రెండు గంటలైనా బయట ఆడుకొననిస్తే హ్రస్వదృష్టి వచ్చే అవకాశము తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. బడినుంచి రాగానే పిల్లలను రాట్నము దగ్గర కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఇది గమనింతురు గాక.

ఇక కిటికీల మాట. మా అభిప్రాయములో ఈ చిక్కును విడదీసేది చెట్టే. పడమటి గోడకు అవతల వేపగాని, కానుగగాని ఉన్న ఇంటిలో మధ్యాహ్నము గోడ కాగదు, గదిలోని చెమ్మ త్వరగా ఆరిపోదు. అప్పుడు పడుగుకు సూటిగా గాలి తగలకుండా, గోడ పైభాగమున ఉన్న కిటికీలు తెరచి ఉంచవచ్చును. చాలనిచోట పడుగు కింద నీళ్ల కుండలు పెట్టవచ్చును. కాని వారమునకొకసారి ఆ కుండలను తోమి ఆరబెట్టవలెను. డెంగీ జ్వరము తెచ్చే దోమ అటువంటి నీటిలోనే గ్రుడ్లు పెట్టి, చీకటి మూలలలో దాగి, పగటిపూటనే కుడుతుంది. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవానికంటే దానికి సులభమైనవాడు ఎవడు? గుంటకు ఇటుక, సిమెంటు కట్టి, వాననీరు దిగకుండా అంచు లేపుట ఖర్చే. అయినను ఒక వానకాలపు మందుల ఖర్చుతో పోల్చి చూడుడు.

నీటి విషయము మన ఒక్క ఇంటితో పోయేది కాదు. తమిళనాటిలో నొయ్యల్ నదిపై 1992లో కట్టిన ఒరతుపాళయం ఆనకట్ట తిరుప్పూరు అద్దకపు నీటితో నిండి, కింది రైతుల పొలములు చెడిపోయినవి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అచ్చటి అద్దకశాలలను మూయించినది. అవి బనియను గుడ్డల అద్దకశాలలు, మన చేమగ్గాలవి కావు నిజమే. బావి నీటికి ఆ తేడా తెలియదు.

పెరటిలో అద్దకము చేయు కుటుంబములు చేతులకు రబ్బరు తొడుగులు లేకుండా కాస్టిక్ సోడాను ముట్టరాదు. మిగిలిన రంగునీటిని బావిదగ్గరగాని, కూరపాదులలోగాని పోయరాదు. బెంజిడీను మూలముగా గల రంగులు మూత్రకోశపు కాన్సరుకు కారణమని తేలి, 1990 దశకములోనే మన ప్రభుత్వము వానిని నిషేధించినది. చెట్ల రంగులైతే భయము లేదనుట కూడ పూర్తిగా సరికాదు. కరక్కాయ, చండ్ర, నీలి మంచివే. కాని రంగు నిలుచుటకై కొందరు కలిపే బైక్రోమేటు విషము. పటికతో పని జరిగేచోట దాని జోలికి పోరాదు. పేరు లేని పొట్లము ఎంత చవకగా వచ్చినను విప్పక, సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపవలెను.