కాయకమునకు లెక్క: క్రొత్తగా వ్యాపారము ప్రారంభించువారికి ఒక పాఠము



పదవ తరగతి ఫలితములు వెలువడిన దినములలో పాతబస్తీలోని మా యింటికి తల్లిదండ్రులు వచ్చుచుందురు. వారిలో ఒకరిద్దరైనను "సారూ, వీనికి నౌకరీ వచ్చేటట్టు లేదు, ఏదన్న దుకాణం పెట్టిస్తం" అని యందురు. ఉద్యోగము దొరకనివానికి దుకాణము అను నీ భావమే మొదటి పొరపాటు. ఉద్యోగి తప్పు చేసినచో పై అధికారి దిద్దును; దుకాణదారుడు తప్పు చేసినచో దిద్దువారుండరు, ఇల్లు నష్టపోవును. కావున వ్యాపారమునకు ఉద్యోగముకంటె ఎక్కువ చదువే కావలెను.

ఈ మాట పుస్తకము చూచి చెప్పుటలేదు. 1998వ సంవత్సరమున నేనును నా తమ్ముడును ఛత్తా బజారు సమీపమున నోటుపుస్తకముల బైండింగు దుకాణము తెరచితిమి. ఉర్దూ లేఖకులకును, శుభలేఖలు అచ్చువేయు ముద్రణాలయములకును పేరుపడిన వీథి అది. పని మాకు వచ్చును, పనివాడు దొరకెను, గిరాకి వచ్చెను. ఏడాది తిరుగునప్పటికి అంగడి నిండ కాగితమున్నది, పెట్టెలో పైక మాత్రము లేదు. కాగితపు వర్తకుని బాకీ తీర్చుటకు మా మరదలు తన మెడలోని గొలుసు తీసి యిచ్చినది. అది తాకట్టుకు వెళ్లి మరల రాలేదు. మేము సోమరులము కాము, ఎవరును మమ్ము మోసగింపలేదు. లెక్క తెలియక నష్టపోతిమి. ఆ లెక్కయే నేటి పాఠము.

1. వ్యాపారి పుట్టునా, తయారగునా?

"వ్యాపారము కోమట్ల సొత్తు, మార్వాడీల సొత్తు, మనవారికది అబ్బదు" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడును. ఈ మాటను మన తెలుగునాటనే పరీక్షించి చూచిన సందర్భమొకటి కలదు.

చిన్న పరిశ్రమల విస్తరణాధికారులకు శిక్షణ యిచ్చుటకై 1960లో ఢిల్లీలో ఒక కేంద్ర సంస్థ ఏర్పడి, 1962లో హైదరాబాదునకు తరలివచ్చెను. యూసఫ్‌గూడలోని ఆ సంస్థను చాలకాలము 'సియెట్' అనెడివారు. అదియే నేడు జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా నున్నది. 1964లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ ఈ సంస్థతో కలిసి, కాకినాడకు చెందిన 52 మంది వ్యాపారులకు శిక్షణ యిప్పించెను. బోధించినది యంత్రవిద్య కాదు. సాధింపగల లక్ష్యము నెట్లు నిర్ణయించుకొనవలెను, తన పని ఫలితమును ఎప్పటికప్పుడు ఎట్లు కొలుచుకొనవలెను, కష్టము వచ్చినప్పుడు తనతో తాను ఎట్లు మాటలాడుకొనవలెను అనునవియే అందు ముఖ్యము.

తరువాత పరిశీలింపగా, శిక్షణ పొందినవారు పొందనివారికంటె ఎక్కువగా క్రొత్త పనులు ప్రారంభించిరి, పెట్టుబడులు పెంచిరి. సంప్రదాయ విశ్వాసములు వారికి అడ్డురాలేదు. ఈ ఫలితములు 1969లో గ్రంథరూపమున వెలువడినవి. వ్యాపారబుద్ధి కొంతవరకైనను నేర్పగలిగినదే యని కాకినాడ మనకు చూపినది.

మెక్లెలాండ్ వాడిన ఆట యొకటి పిల్లలతో ఆడించి చూడుడు. నేలలో ఒక కొయ్యను నాటి, దానిపై పడునట్లు తాడు వలయములను విసరుమని చెప్పవలెను. ఎంత దూరమున నిలువవలెనో వారి యిష్టము. కొందరు కొయ్య దగ్గరనే నిలిచి అన్నియు వేయుదురు. అందు గొప్ప లేదు. కొందరు దూరముగా నిలిచి విసరుదురు. పడినచో అదృష్టము, పడకున్నచో దురదృష్టము. మూడవ విధమువారు మధ్య దూరము నెన్నుకొందురు. వలయము తప్పినచో ఒక అడుగు ముందుకు జరిగి మరల విసరుదురు. సాధనమీద కోరిక గలవారు ఈ మూడవ విధమువారే. వ్యాపారి జూదరి కాడు, పిరికివాడును కాడు. తన నేర్పుచే ఫలితము మారగల దూరమును వెదకి నిలుచువాడు.

2. ఏమి అమ్మవలెను?

మా తమ్మునికి బైండింగు వచ్చును గనుక బైండింగు దుకాణము పెట్టితిమి. ఇది తలక్రిందుల ఆలోచన. 'నాకేమి వచ్చును?' అనునది రెండవ ప్రశ్న. 'ఎవరికి ఏ కొరత యున్నది, ఆ కొరత తీరుటకు వారెంత యిచ్చెదరు?' అనునది మొదటిది.

ఈ పాఠము నేర్చుటకు పాతబస్తీని మించిన పాఠశాల లేదు. పత్తర్‌గట్టిలో ముత్యముల అంగళ్లను చూడుడు. మన నగరమునకు సముద్రము లేదు, ముత్యపు చిప్పలు లేవు. అయినను ముత్యముల నగరమని పేరు వచ్చినది. నిజాముల కాలమున కొనువారుండుటచేతను, ముత్యములకు బెజ్జము వేయుట, ఏరుట, గుచ్చుట యను నేర్పులు ఇక్కడ స్థిరపడుటచేతను, కొన్నవానికి నమ్మకము కలుగుటచేతను వచ్చిన పేరది. ముడిసరకు దగ్గర లేదని వెనుకాడువారికి ఇది సమాధానము.

చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో మరియొక పాఠమున్నది. లక్కను బొగ్గుల సెగపై కరగించి, సాగదీసి, కొలతకు వంచి గాజు చేయుదురు. వేడి ఆరకముందే రాళ్లను ఒక్కొక్కటిగా పొదుగుదురు. సెగ దగ్గర గంటల తరబడి కూర్చుండి చేయు ఈ పనికి సాధారణముగా జతల లెక్కన కూలి ముట్టును. రాళ్లు తెచ్చిపెట్టువాడు, ఏ రంగు చీరకు ఏ గాజు కావలెనో యెరిగినవాడు, అమ్ముడుపోని సరకు నష్టమును భరించువాడు వర్తకుడు. కావున లాభమును అతనిదే. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు లభించెను. ఆ పేరును ఇతరులు వాడుకొనకుండ ఆ గుర్తింపు కాపాడగలదు. కొనువానిని వెదకి తెచ్చియీయజాలదు. చేతిపని గల యువకుడు కూలివాడుగా నుండక యజమాని కావలెనన్నచో, కొనువానితో స్వయముగా మాటలాడుట నేర్వవలెను.

దుకాణము పెట్టదలచినవారు ముందుగా ఒక నెల దినములు కాగితము, కలము పట్టుకొని కనీసము ముప్పదిమందితో మాటలాడవలెను. "మేము దుకాణము పెట్టినచో కొందురా?" అని అడుగరాదు, మొగమాటముచే అందరును కొందుమనియే చెప్పుదురు. "క్రిందటి నెల ఎక్కడ కొన్నారు? ఎంత యిచ్చినారు? ఏమి నచ్చలేదు?" అని యడుగవలెను. జరిగినది చెప్పునప్పుడు మనుష్యుడు అబద్ధమాడుట తక్కువ.

3. లాభమనగా నేమి?

ఇది పాఠములోని ముఖ్యభాగము. పలకపై వేసి చూడుడు. అంకెలు ఉదాహరణకై చెప్పుచున్నవి.

ఒక నోటుపుస్తకము వెల 40 రూపాయలనుకొందము. కాగితము, అట్ట, దారము, జిగురు కలిసి 28 రూపాయలు. మిగులు 12 రూపాయలు. ఇది లాభము కాదు. ఈ మిగులునుండి నెలకు అంగడి అద్దె 6,000, విద్యుత్తు 1,000, సహాయకుని జీతము 9,000, యజమాని జీతము 14,000, వెరసి 30,000 రూపాయలు తీరవలెను. 30,000ను 12చే భాగింపగా 2,500 వచ్చును. అనగా నెలకు 2,500 పుస్తకములు అమ్ముడుపోయినచో నష్టము లేదు, లాభమును లేదు. 2,501వ పుస్తకము మొదలు లాభము.

మేము చేసిన మొదటి తప్పు యజమాని జీతమును లెక్కలో వేయకపోవుట. అది తీసివేసినచో ఖర్చు 16,000 మాత్రమే. 1,500 పుస్తకములమ్మినచో 18,000 మిగులును గనుక 2,000 లాభమని సంతోషింతుము. కాని తమ్ముడు ఇంటిఖర్చునకు పెట్టెనుండి తీయుచునే యుండును. నిజమునకు నెలకు 12,000 నష్టము. ఇంటిలోని స్త్రీలు దుకాణమునకై చేయు పనికిని జీతము కట్టి చూడవలెను. వారి శ్రమను ఉచితమని లెక్కించిన దుకాణము వారి శ్రమమీదనే బ్రతుకుచున్నదని యర్థము.

రెండవ తప్పు వెల తగ్గించుట. ఎదుటి అంగడివానితో పోటీపడి 40 రూపాయలను 36 చేసితిమనుకొందము. తగ్గినది వెలలో పదవ వంతే. కాని మిగులు 12నుండి 8కి పడిపోయినది. ఇప్పుడు 30,000 తీరుటకు 3,750 పుస్తకములు అమ్మవలెను. అనగా మునుపటికంటె సగము ఎక్కువ. ఈ గుణకారము తెలియక మూతపడిన దుకాణములెన్నో!

4. మూలధనము, అప్పు

మూడవ తప్పు అరువు. కాగితపు వర్తకుడు నగదు కోరును. బడులవారు రెండు నెలలకు డబ్బిత్తురు. నెలకు 2,500 పుస్తకములకు సరకు ఖర్చు 70,000, ఇతర ఖర్చులు 30,000, కలిసి లక్ష రూపాయలు. రెండు నెలలు డబ్బు రాకున్నచో రెండు లక్షలు వీథిలో నుండును. లెక్కప్రకారము నష్టము లేని దుకాణము కూడ ఈ రెండు లక్షలు చేతిలో లేక మూతపడగలదు. మా గొలుసు పోయినది ఇందువలననే. యంత్రమునకు, బల్లలకు పెట్టు డబ్బును అందరును లెక్కింతురు. సరకు తిరిగి డబ్బుగా మారువరకు కావలసిన పైకమును మరచెదరు.

ఎంత అప్పు తీసికొనవలెను? పన్నెండవ శతాబ్దపు శరణులలో మాచయ్య బట్టలుతికెను, చౌడయ్య పడవ నడపెను, చందయ్య త్రాళ్లు పేనెను. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యము నేరి తెచ్చువాడు. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ అధికమైనదానిని తిరిగి అచ్చటనే పోసిరమ్మని పంపెనని పెద్దలు చెప్పుదురు. దీనిని భక్తికథగా వినుట మనకు అలవాటు. అప్పుపత్రముపై సంతకము చేయునప్పుడు కూడ జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. బ్యాంకువారు ఇచ్చెదమన్నంత కాదు, లెక్కకు కావలసినంతయే తీసికొనవలెను.

1959లో బొంబాయిలో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తీసికొని, ఒక మేడపై అప్పడములు చేయ మొదలిడిరి. మొదటి దినము నాలుగు పొట్లములు మాత్రమే తయారైనవి. దానము స్వీకరింపరాదని వారు నిశ్చయించుకొనిరి. వారికి మార్గదర్శియైన ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్ లెక్కలు సరిగా వ్రాయవలెనని పట్టుబట్టెను. అదియే నేటి లిజ్జత్ పాపడ్. ఆ సంస్థ పెరిగినది గొప్ప మూలధనముచే కాదు, చిన్న మొత్తమునకు పెద్ద లెక్క వ్రాయుటచే.

అప్పు తప్పనిసరియైనచో వడ్డీవ్యాపారి గుమ్మము త్రొక్కకముందు బ్యాంకునకు వెళ్లవలెను. 2015లో ప్రారంభమైన ముద్రా పథకమున 'శిశు' విభాగము క్రింద 50,000 రూపాయలవరకు హామీ ఆస్తి లేకయే ఋణమిచ్చు ఏర్పాటు చేయబడినది. 2020 జులై 1 నుండి అమలైన ఉద్యమ్ నమోదునకు రుసుము లేదు. దానికి డబ్బడుగు దళారులను నమ్మరాదు. మహిళలకు తోడ్పడుటకై 2018లో మన నగరముననే రాష్ట్ర ప్రభుత్వము 'వీ హబ్' అను సంస్థను నెలకొల్పినది.

5. ప్రారంభ క్రమము

అద్దెకు అంగడి తీసికొనుట చివరి మెట్టు కావలెను. మొదట ఇంటనే కొద్ది సరకు చేసి, పరిచయము లేనివారికి అమ్మి చూడవలెను. బంధువులు కొనుట పరీక్ష కాదు. మరల అడిగి కొన్నవా రెందరో వ్రాసికొనవలెను. ఎంత నష్టమువరకు భరింతుమో ముందుగనే ఇంటిల్లిపాదియు కూర్చుండి నిర్ణయించి, ఆ యంకెను గోడపై వ్రాసియుంచవలెను. ఆ గీటు దాటినచో ఆపుట అవమానము కాదు. మేము అట్టి గీటు గీయలేదు గనుకనే ఆగవలసిన చోట ఆగలేకపోతిమి. దుకాణపు పెట్టెయు ఇంటి పెట్టెయు వేరువేరుగా నుండవలెను. ప్రతి రాత్రి, ఎంత అలసట యున్నను, ఆనాటి రాకపోకలు వ్రాసిన తరువాతనే దీపమార్పవలెను.

నా తమ్ముడు అటుపిమ్మట నాలుగేండ్లు ఒకరి వద్ద జీతమునకు పనిచేసెను. తరువాత ఇంటి వరండాలోనే చిరిగిన గ్రంథములకు, లెక్కపుస్తకములకు బైండింగు చేయ నారంభించెను. సగము సొమ్ము ముందుగా తీసికొనును, మిగిలినది పుస్తకమిచ్చునప్పుడు తీసికొనును. అరువు లేదు. దుకాణము పెద్దది కాలేదు. ఇద్దరు బిడ్డలు చదువుకొనిరి. రాత్రి లెక్క వ్రాయునది మా మరదలు. పాత గొలుసు రాలేదు గాని, క్రొత్తది ఆ లెక్కపుస్తకమునుండియే వచ్చినది.

అభ్యాసము

(ఇంటిలో పెద్దలును పిల్లలును కలిసి చేయవలెను. మఠములలో యువకుల సమావేశములందును చేయింపవచ్చును.)

1. మీ వీథిలో రెండేండ్లలో మూతపడిన ఒక దుకాణమును గూర్చి తలపోయుడు. వెల, అద్దె, అరువు, గిరాకి యను నాలుగింటిలో కారణమేదై యుండును?

2. పైని ఉదాహరణలో అద్దె 6,000నుండి 9,000కు పెరిగినచో, 40 రూపాయల వెలకు ఎన్ని పుస్తకములు అమ్మవలెను? (జవాబు: 2,750.)

3. మీ యింటి వృత్తిలో స్త్రీలు చేయు పనికి నెల జీతము కట్టి చూడుడు. అప్పుడును లాభము మిగులుచున్నదా?

4. వలయముల ఆటలో మీ బిడ్డ ఎంత దూరమున నిలిచెను? తప్పిన పిదప ఏమి చేసెను? మరల విసరుటకు ముందు ఒక అడుగు జరిపినచో, ఆ బిడ్డకు దుకాణపు లెక్క నేర్పుట ప్రారంభింపవచ్చును.