సంఘం పరువు

ఇబ్రహీంపట్నం,
రంగారెడ్డి జిల్లా.

మనవరాలికి,

స్త్రీల సంఘంలో కొత్తగా చేరే యువతి చెవిన మొదట పడే మాట ఐక్యత. ఆ మాట విలువైనదే అయినా, సంఘంలోనే అవమానం పాలైన స్త్రీ నోరు విప్పినప్పుడు ఆమెను ఊరుకోబెట్టడానికీ అదే మాట వాడతారని ఆ యువతి ముందుగానే తెలుసుకోవాలి. అవమానించినవారు పేరున్నవారు, ఏళ్ల తరబడి ఉద్యమానికి పనిచేసినవారు అయినప్పుడు, జరిగిందేమిటని అడగవలసిన చోట సంఘం పరువేం కావాలని అడగడమే దారితప్పిన విధేయత.

1913 మార్చి 3న వాషింగ్టన్‌లో ఓటుహక్కు కోసం స్త్రీలు ఊరేగింపు తీసినప్పుడు, దక్షిణాది తెల్లజాతి స్త్రీలు నొచ్చుకుంటారన్న జంకుతో నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌ను వెనుక నడవమన్నారు. ఆమె ఒప్పుకోక, దారి మధ్యలో ఇల్లినాయ్ ప్రతినిధులతో కలిసి నడిచారు. అక్కడ ఒంటి రంగు చేసిన పనిని ఇక్కడ కులం చేస్తుంది. 1990లో రిజర్వేషన్లపై మండల్ సిఫారసులకు వ్యతిరేకంగా వీధికెక్కిన అగ్రకుల విద్యార్థినులు నిరుద్యోగ భర్తలు తమకొద్దని అట్టలు పట్టుకున్నారు. రిజర్వేషన్‌తో ఉద్యోగం పొందే యువకుడు భర్త కాగలడన్న ఊహకే అందులో చోటు లేదు.

ఇబ్రహీంపట్నం చరిత్ర ఈ సంగతిని మరింత దగ్గరగా చూపిస్తుంది. అప్పు తీరేదాకా పటేలు ఇంట పనిచేయడాన్ని ఈ ప్రాంతంలో జీతముండటం అనేవారు; వెట్టిచాకిరీని 1976లోనే చట్టం నిషేధించినా అది ఆగలేదు. 1980లలో ఇక్కడి వ్యవసాయ కూలీ సంఘం వెట్టి, కూలి, భూమి సమస్యలపై పోరాడినప్పుడు అందులో ముందున్నది మాదిగ కూలీలు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గీతా రామస్వామి వారితో కలిసి పనిచేశారు. ఆ మాదిగ కూలీల్లోని స్త్రీకి ఆడదాని బాధ, కూలి బాధ, కులం బాధ వేర్వేరు కావు. వాటిని విడదీసి, ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేదే స్త్రీ సమస్య అని గిరిగీయడం తీరిక ఉన్నవారు చేసిన పని.

సాహిత్యంలోనూ ఇలాంటి గిరే కనిపించింది. తెలుగు స్త్రీవాద కవిత్వాన్ని 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం ఒకచోట చేర్చింది. అయితే ఆ స్త్రీవాదంలో తమ బతుకు కనిపించడం లేదని దళిత రచయిత్రులు నిలదీశారు. ఉమ్మడి రంగారెడ్డి జిల్లా బిడ్డ గోగు శ్యామల ‘నల్లపొద్దు’ను, తర్వాత జూపాక సుభద్రతో కలిసి ‘నల్లరేగటిసాల్లు’ను సంకలనాలుగా తెచ్చారు. ఆ ప్రశ్నను చీలిక అన్నవారు, చీలిక అంతకుముందే ఉందని చూడలేకపోయారు.

కాబట్టి సంఘం సమావేశంలో ఒక మాదిగ స్త్రీ లేచి మాట్లాడితే, ఆమె గొంతు పెద్దదైందనో, సమయం కాదనో చెప్పి కూర్చోబెట్టక, ఆమె చెప్పింది చెప్పినట్టు ఆమె మాటల్లోనే మినిట్స్ పుస్తకంలో రాయించే పనిని ఈ ఇంటి ఆడపిల్ల తన మీద వేసుకోవాలి.

ఆశీస్సులతో,
అమ్మమ్మ