జలాశయాలలో చేప వలకు పడని కాలం: కారణ నిర్ధారణకు ఒక క్రమ పద్ధతి

సారాంశం

ఉత్తర తెలంగాణ జలాశయాలలో కొన్ని వారాలపాటు వలలు ఖాళీగా రావటం ఏటా ఎదురయ్యే సమస్య. ఇటువంటి సమయంలో జలాశయంలో చేప లేదని నిర్ణయించి, చిన్న కన్ను వలలకు మారటం సాధారణంగా జరుగుతోంది. చేప లేకపోవటం, ఉన్న చేప వలకు పడకపోవటం రెండు వేర్వేరు స్థితులు. వీటిని వేరుచేసి గుర్తించటానికి విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు అనుసరించదగిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

నేలలో భాస్వరం ఉండటం వేరు, అది పైరుకు అందటం వేరు. నల్లరేగడిలో మొత్తం భాస్వరం తగినంత ఉన్నప్పటికీ అందుబాటులో ఉన్నది కొంతే కావచ్చునని వ్యవసాయ విద్యార్థి మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటాడు. జలాశయంలోని చేపకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వలకు వచ్చిన చేప జలాశయంలోని నిల్వకు నేరుగా కొలమానం కాదు. ఆ రాత్రి, ఆ లోతులో, ఆ కన్ను గల వలకు అందిన భాగం మాత్రమే అది.

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరులో పునర్విభజన పొందాయి. కరీంనగర్ వద్ద దిగువ మానేరు, సిరిసిల్ల ప్రాంతంలో మధ్య మానేరు, మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల నడుమ గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి, నిర్మల్ జిల్లాలో కడెం ఈ ప్రాంతపు ముఖ్య జలాశయాలు. వీటిపై ఆధారపడిన ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు సహకార సంఘాల ద్వారా చేపలు పడతాయి. బొచ్చె, రవ్వ, మోసు, బంగారు తీగ పెంపకానికి వదిలే రకాలు. వాలుగ, కొర్రమీను, జెల్లలు, పరకలు సహజంగా పెరిగేవి. 2016-17 నుండి రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని అమలు చేస్తోంది. పిల్లలను వదిలిన తరువాత వల ఖాళీగా వస్తే సంఘం మొదట అడిగే ప్రశ్న "చేప ఏమైంది?" అనేదే. దానికి ఊహతో కాక, కొలతతో సమాధానం చెప్పవలసిన బాధ్యత విస్తరణ శాస్త్రవేత్తది.

వల పట్టుబడిని నిర్ణయించే అంశాలు

ఇక్కడ ఎక్కువగా వాడే గిల్‌నెట్ నీటిలో తెరలా నిలబడి ఉంటుంది. పైన బెండ్లు, కింద బరువులు దానిని నిలుపుతాయి. అది చేపను వెతుక్కుంటూ పోదు. చేపే దాని దగ్గరకు రావాలి. అందువలన పట్టుబడి నాలుగు అంశాలపై ఆధారపడుతుంది: నీటిలో చేప సాంద్రత, చేప కదలిక, చేప తిరిగే లోతులో వల ఉండటం, చేప చుట్టుకొలతకు వల కన్ను సరిపోవటం. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లోపించినా వల ఖాళీగానే వస్తుంది. మొదటి అంశం మాత్రమే చేప నిల్వకు సంబంధించినది. మిగిలిన మూడింటిని పరిశీలించకుండా మొదటిదానినే కారణంగా చెప్పటం రోగ నిర్ధారణ లేని మందు వంటిది.

నీటి పరిమాణం, చేప సాంద్రత

దిగువ మానేరు పూర్తి నిల్వ సామర్థ్యం సుమారు 24 టీఎంసీలు. శ్రీరామసాగర్ నుండి కాకతీయ కాలువ ద్వారా, మానేరు వరద ద్వారా దీనికి నీరు చేరుతుంది. సేద్యానికి, తాగునీటికి వాడుకున్నకొద్దీ తగ్గుతుంది. వేసవి చివర నిల్వ 6 టీఎంసీలకు తగ్గి, వానాకాలం ముగిసేసరికి 24కు చేరినదని ఉదాహరణకు అనుకుందాం. చేపల సంఖ్య మారకపోయినా అవి నాలుగింతల నీటిలో చెదరిపోతాయి. ఒక వలకు చేప ఎదురయ్యే అవకాశం ఆ మేరకు తగ్గుతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో వలలు తేలికగా రావటానికి ఇది ముఖ్య కారణం.

దీనికి విలోమం కూడా నిజమే. మే నెలలో నీరు తగ్గి చేప ఒకచోటికి చేరినపుడు పట్టుబడి పెరుగుతుంది. అది నిల్వ పెరిగిందనటానికి సాక్ష్యం కాదు. వేసవి పట్టుబడిని చూసి సంతృప్తి పడటం, శరత్కాలపు పట్టుబడిని చూసి భయపడటం రెండూ ఒకే పొరపాటు.

ఉష్ణోగ్రత, ప్రాణవాయువు, లోతు

చల్లని దేశాల జలాశయాలలో ట్రౌట్ చేపను పట్టేవారు పడవ నడుపుతూ వెనుక గాలపు తాడును ఈడ్చుకుపోతారు. దీనిని ట్రోలింగ్ అంటారు. వేసవిలో చేప గాలం ముట్టనపుడు అనుభవజ్ఞుడు ముందుగా ఎరను మార్చడు. గాలం పోయే లోతును మారుస్తాడు. పై నీరు వేడెక్కగా చల్లదనం కోరే ట్రౌట్ కిందికి దిగుతుందని అతనికి తెలుసు. ఆ జలాశయాలలో అడుగు నీరు చల్లగా ఉండటమే కాక, పోషకాలు తక్కువగా ఉన్నచోట అక్కడ ప్రాణవాయువు కూడా నిలుస్తుంది.

తెలంగాణ మైదాన జలాశయాలలో ట్రౌట్ సహజంగా బతకదు. ఇక్కడి వేసవి నీటి ఉష్ణోగ్రత దానికి తగదు. అయితే లోతును ముందుగా పరిశీలించాలన్న సూత్రం ఇక్కడా పనికివస్తుంది. ఫలితం మాత్రం తలకిందులు. 29 నుండి 30 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కినపుడు నీటి సాంద్రతలో వచ్చే మార్పు, 4 నుండి 5 డిగ్రీలకు వేడెక్కినపుడు వచ్చే మార్పుకు ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. అందువలన మన నీటిలో పై పొరకు, కింది పొరకు రెండు మూడు డిగ్రీల తేడా ఉన్నా, గాలి లేని రోజుల్లో అవి కలవకుండా నిలవగలవు. అడుగున చేరిన ఆకులు, మునిగిన చెట్లు, ఒండ్రులోని సేంద్రియ పదార్థం కుళ్ళుతూ అక్కడి ప్రాణవాయువును ఖర్చు చేస్తాయి. పై నుండి తిరిగి అందదు. ఇటువంటి స్థితిలో చేప కిందికి దిగదు. పైకి, ఒడ్డు వైపుకు, నీరు కదిలే చోటుకు జరుగుతుంది. అడుగున కట్టిన వల ఎన్ని రాత్రులు ఉన్నా ఖాళీగానే ఉంటుంది.

సముద్ర మట్టం వద్ద 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువును కరిగించుకోగలదు. 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. బొచ్చె, రవ్వ వంటి చేపలు 5 మిల్లీగ్రాములకు పైన బాగా తిరుగుతాయి. 3 కంటే తగ్గినచోట ఒత్తిడికి లోనై ఆ పొరను విడిచిపోతాయి. రాత్రంతా మొక్కలు, జీవులు శ్వాసించటం వలన తెల్లవారుజామున ఈ విలువ కనిష్ఠంగా ఉంటుంది. పగటి కొలతను మాత్రమే నమ్మటం తప్పుదారి పట్టిస్తుంది.

ఆదిలాబాద్ ప్రాంతంలో చలికాలం మరొక సమస్యను తెస్తుంది. రాష్ట్రంలో అతి తక్కువ రాత్రి ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాలలో ఇది ఒకటి. చేప శీతల రక్త జీవి. నీరు చల్లబడినకొద్దీ దాని జీర్ణక్రియ, కదలిక మందగిస్తాయి. కదలని చేప నిలిచి ఉన్న వలకు తగలదు. డిసెంబరు, జనవరి నెలల్లో పట్టుబడి తగ్గటానికి చేప లేమి కంటే ఈ మందగింపే కారణం కావచ్చు. ఇటువంటి రోజుల్లో నీరు కాస్త వేడెక్కే నిస్సార భాగాల్లో మధ్యాహ్నం తరువాత వల కట్టి చూడటం మేలు.

నీటి తేట, వెన్నెల కూడా ప్రభావం చూపుతాయి. తేట నీటిలో, పున్నమి రాత్రుల్లో నైలాను వల చేపకు కనిపిస్తుంది. అందుచేత ఒక పక్షపు ఫలితాన్ని మరొక పక్షపు ఫలితంతో పోల్చరాదు. అమావాస్యను అమావాస్యతోనే పోల్చాలి.

నిజంగా చేప తగ్గిన సందర్భాలు

ప్రతి ఖాళీ వలకూ వాతావరణాన్నే కారణంగా చెప్పటమూ సరికాదు. కడెం జలాశయపు నిల్వ సామర్థ్యం సుమారు ఏడున్నర టీఎంసీలు. దాని పరీవాహక ప్రాంతం కొండలు, అడవులతో కూడినది. వాన పడిన కొద్ది గంటల్లోనే వరద చేరుతుంది. 2022 జూలైలో గేట్ల విడుదల సామర్థ్యాన్ని మించిన ప్రవాహం వచ్చింది. ఇటువంటి వరదలో చేపలు, ముఖ్యంగా పిల్లలు, నీటితోపాటు దిగువకు కొట్టుకుపోతాయి. పిల్లలను వరద ఉధృతి తగ్గిన తరువాత వదలటం, 80 నుండి 100 మిల్లీమీటర్ల పొడవుగల ఎదిగిన పిల్లలను ఎంచుకోవటం ఈ నష్టాన్ని తగ్గిస్తాయి. మరీ చిన్న పిల్లలు వాలుగ, కొర్రమీను వంటి మాంసాహార చేపలకు ఆహారమవుతాయి. వీటికి తోడు అతిగా పట్టటం, చిన్న కన్ను వలలు కూడా నిల్వను తగ్గిస్తాయి.

నిర్ధారణ పద్ధతి

మొదటి మెట్టు, మొత్తం పట్టుబడిని పక్కనపెట్టి, యూనిట్ ప్రయత్నానికి పట్టుబడిని లెక్కించటం. వంద మీటర్ల వల ఒక రాత్రి నీటిలో ఉంటే దానిని ఒక యూనిట్‌గా తీసుకోవచ్చు. ఒక సంఘం 100 యూనిట్లతో 150 కిలోలు పట్టినదని, మరుసటి సంవత్సరం అదే నెలలో, నీటిమట్టం దాదాపు సమానంగా ఉండగా, 240 యూనిట్లతో 180 కిలోలు పట్టినదని అనుకుందాం. మొత్తం 30 కిలోలు పెరిగింది. కాని యూనిట్‌కు 1.5 కిలోల నుండి 0.75 కిలోలకు, అంటే సగానికి పడిపోయింది. ఇది హెచ్చరిక. మరొక సంఘంలో నాట్ల సమయంలో సభ్యులు కూలికి పోవటం వలన మొత్తం సగమై, యూనిట్ విలువ మారకపోతే ఆందోళనకు కారణం లేదు.

రెండవ మెట్టు, మూడు రాత్రుల పరీక్ష. ఒకే కన్ను, ఒకే పొడవు గల వలలను పై పొర, నడిమి పొర, అడుగు పొరలలో కట్టాలి. ఆనకట్ట దగ్గరి లోతైన చోట, వాగు కలిసే ఎగువ భాగంలో ఈ అమరికను ఒకేసారి చేయాలి. తెల్లవారకముందు మీటరుకొకచోట ఉష్ణోగ్రత, ప్రాణవాయువు కొలవాలి. సెక్కి డిస్క్‌తో నీటి తేటను పగటిపూట కొలిచి నమోదు చేయాలి. ఏదో ఒక పొరలో లేదా చోట చేప పడితే, సమస్య నిల్వది కాదు, వల కట్టిన తీరుది.

మూడవ మెట్టు, పడిన ప్రతి చేప పొడవును రకాల వారీగా నమోదు చేయటం. యూనిట్ పట్టుబడి తగ్గినా పొడవుల విస్తృతి మారకపోతే చేప చెదరి ఉండటానికి లేదా కదలక ఉండటానికి అవకాశం ఎక్కువ. పెద్ద చేపలు వరుసగా రెండు మూడేళ్ళు కనిపించకపోతే అతిగా పట్టటాన్ని అనుమానించాలి. ఏడాది వయసు చేపలు మాత్రమే లోపిస్తే ఆ ఏడు వదిలిన పిల్లలు నిలవలేదని భావించాలి.

వల కన్ను తగ్గించటం: చివరి నిర్ణయం కూడా కారాదు

ఖాళీ వలలకు సంఘాలు తరచుగా కనుగొనే పరిష్కారం చిన్న కన్ను. ఆ వారం కొంత చేప పడుతుంది కనుక అది సరైనదిగా తోస్తుంది. లెక్క వేరుగా ఉంటుంది. 200 గ్రాముల బొచ్చెలు ఐదు పడితే ఒక కిలో. అవే ఐదింటిని నీటిలో వదిలితే, రెండు చనిపోయి మిగిలిన మూడు కిలో చొప్పున పెరిగినా మూడు కిలోలు. పెద్ద బొచ్చెకు కిలో ధర కూడా సాధారణంగా ఎక్కువే. అన్నింటికంటే ముఖ్యంగా, చేప అడుగు పొరను విడిచిపోయినందున ఖాళీగా వచ్చిన వలకు కన్ను తగ్గించటం జబ్బుకు సంబంధం లేని చికిత్స. తాత్కాలికమైన కొరతను అది శాశ్వతమైన కొరతగా మార్చగలదు.

అయితే పొయ్యి మీదికి ఆ రోజు ఏదో ఒకటి కావలసిన కుటుంబానికి ఈ లెక్క మాత్రమే చెప్పి రావటం విస్తరణ కాదు. వల లోతు, చోటు, వేళ మార్చి ఆ వారంలోనే కొంత చేప దొరికేలా చూపగలిగినపుడే కన్ను తగ్గించవద్దన్న సలహాకు విలువ ఉంటుంది.

ముగింపు

వల ఖాళీగా వచ్చినపుడు ముందు లోతు, తరువాత చోటు, ఆ తరువాత వేళ మార్చి చూడాలి. ఈ మూడూ విఫలమైనపుడు మాత్రమే నిల్వను శంకించాలి. నీటిమట్టం, తిథి, వల యూనిట్లు, చేపల పొడవు అనే నాలుగు గడులతో ఒక పుస్తకాన్ని ప్రతి సంఘంలో నిర్వహింపజేయటం ఖర్చు లేని పని. మూడేళ్ళ నమోదు ఉన్న సంఘానికి "చేప లేదు" అనే మాటకు, "చేప పడటం లేదు" అనే మాటకు తేడా సొంత పుస్తకంలోనే కనిపిస్తుంది. విద్యార్థులు తమ గ్రామీణ అనుభవ శిక్షణలో చేపట్టదగిన ఉపయుక్తమైన పని ఇది.