సమాచార వేగం - కొలమానాలు

ఒకే రాశిని ఇద్దరు వేర్వేరు ప్రమాణాలతో కొలిచినప్పుడు వాటి నడుమ ఉన్న సంబంధం తెలియకపోతే అనర్థం తప్పదు. నాసా ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999 సెప్టెంబరులో అంగారక గ్రహాన్ని సమీపించి నశించింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల ప్రమాణంలో ఇచ్చిన విలువలను న్యూటన్ల ప్రమాణంలోనివిగా గ్రహించడమే అందుకు కారణం. కంప్యూటర్ సమాచారాన్ని నిల్వచేసే చోట ఒక ప్రమాణం, దానిని దూరప్రాంతాలకు పంపే చోట మరొక ప్రమాణం వాడుకలో ఉన్నాయి. వాటిని సమన్వయించే విధానాన్ని ఈ పాఠంలో తెలుసుకొందాం.

ఛందస్సులో ప్రత్యక్షరమూ లఘువో గురువో అయి తీరుతుంది. మూడక్షరాలను ఈ రెండింటితో కూర్చితే ఎనిమిది గణాలు ఏర్పడతాయని విద్యార్థులకు తెలుసు. బిట్ కూడా ఇటువంటిదే. అది సున్న, ఒకటి అనే రెండు విలువలలో ఒకదానినే పొందుతుంది. క్లాడ్ షానన్ 1948లో ప్రకటించిన వ్యాసంతో ఈ మాట వ్యాప్తిలోకి వచ్చింది. ఎనిమిది బిట్ల సముదాయం ఒక బైట్. ఎనిమిది స్థానాలలో సున్నను, ఒకటిని 256 విధాలుగా కూర్చవచ్చు.

నిల్వ సాధనాల వేగాన్ని సాధారణంగా సెకనుకు ఇన్ని బైట్లని, ప్రసార మార్గాల వేగాన్ని ఇన్ని బిట్లని చెబుతారు. సెకనుకు 100 మెగాబిట్ల వేగమంటే 12.5 మెగాబైట్లు మాత్రమే. కాబట్టి 100 మెగాబైట్ల ఫైలు రావడానికి కనీసం 8 సెకన్లు పడుతుంది.

అయితే అన్ని సందర్భాలలోనూ ఎనిమిదితో భాగిస్తే సరిపోదు. హార్డ్ డిస్కును కంప్యూటర్‌తో కలిపే సాటా మార్గాన్ని పరిశీలిద్దాం. దాని మూడవ తరం వేగం సెకనుకు 6 గిగాబిట్లు. సున్నలు గాని, ఒకట్లు గాని ఎడతెగకుండా వస్తే అందుకొనే యంత్రం ఎక్కడ ఒక బిట్ ముగిసిందో పోల్చుకోలేదు. అందువల్ల ప్రతి 8 బిట్లను 10 బిట్ల సంకేతంగా మార్చి పంపుతారు. అంటే తీగపై ఒక బైట్ పది బిట్ల చోటును ఆక్రమిస్తుంది. కనుక 6,000 మెగాబిట్లను పదితో భాగించాలి. వచ్చే ఫలితం సెకనుకు 600 మెగాబైట్లు. ఎనిమిదితో భాగించి 750 అనడం సరికాదు.

ఇక కాంతి తంతువుల వ్యవస్థ. గాజు తంతువు ద్వారా దూరప్రాంతాలకు సమాచారాన్ని పంపవచ్చునని చార్లెస్ కావ్ 1966లో ప్రతిపాదించాడు. ఆ కృషికి 2009లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ తంతువులపై ప్రసారానికి ఏర్పరచిన ప్రమాణాలలో ఎస్.డి.హెచ్. ఒకటి. దీని మొదటి అంతస్తు ఎస్.టి.ఎం-1. ఇందులో సమాచారం చట్రాలుగా ప్రయాణిస్తుంది. ఒక్కొక్క చట్రంలో 9 అడ్డు వరుసలు, 270 నిలువు వరుసలు ఉంటాయి. ఒక్కొక్క గడిలో ఒక బైట్ ఉంటుంది. సెకనుకు 8,000 చట్రాలు వెళ్తాయి. టెలిఫోనులో మాటను సెకనుకు 8,000 సార్లు నమోదు చేయడమే ఆ సంఖ్యకు మూలం.

9 × 270 × 8 × 8,000 = 15,55,20,000 బిట్లు

అనగా సెకనుకు 155.52 మెగాబిట్లు. దీనికి 64 రెట్లయిన ఎస్.టి.ఎం-64 వేగం 9,953.28 మెగాబిట్లు. ఇక్కడ అదనపు బిట్లను చేర్చరు. ఉన్న బిట్లనే నిర్ణీత క్రమంలో కలగలుపుతారు. కాబట్టి ఎనిమిదితోనే భాగించాలి. అయితే 270 నిలువు వరుసలలో 260 మాత్రమే మన సమాచారాన్ని మోస్తాయి. మిగిలినవి మార్గ నిర్వహణకు వినియోగమవుతాయి. ఆ మేరకు తగ్గిస్తే 9,584.64 మెగాబిట్లు, అంటే 1,198.08 మెగాబైట్లు మిగులుతాయి.

ఇప్పుడు పోల్చి చూద్దాం. రెండు సాటా మార్గాల వేగాన్ని కూడితే 12 గిగాబిట్లు. తంతువు వేగం పది గిగాబిట్లకు లోపే. పైచూపుకు తంతువు చాలదనిపిస్తుంది. సరిగా మారిస్తే మాత్రం ఒకవైపు 1,200 మెగాబైట్లు, మరొకవైపు 1,198 మెగాబైట్లు. రెండూ దాదాపు సమానమే.

ఈ లెక్క కేవలం పరీక్షల కోసం కాదు. తీరప్రాంతంలోని ఒక గ్రంథాలయంలో తాళపత్రాల ఛాయాచిత్రాలు ఒక టెరాబైట్ మేర ఉన్నాయనుకొందాం. తుపాను హెచ్చరిక వచ్చింది. ఎస్.టి.ఎం-1 మార్గంలో వాటిని సురక్షిత స్థలానికి పంపాలి. 155.52ను మెగాబైట్లుగా భ్రమించినవారు 1 గంట 47 నిమిషాలు చాలునని తీరికగా ఉంటారు. నిజానికి పట్టే కాలం దాదాపు 14 గంటల 50 నిమిషాలు. ఆ వ్యత్యాసంలో ఒక జాతి వారసత్వమే నీటిపాలు కావచ్చు.

మరొక జాగ్రత్త అత్యవసరం. మెగా, గిగా అనే ఉపసర్గలు వేయి రెట్ల చొప్పున పెరుగుతాయి. కొన్ని కంప్యూటర్ వ్యవస్థలు వాటిని 1,024 రెట్ల చొప్పున లెక్కిస్తాయి. అందుచేతనే ఒక టెరాబైట్ డిస్కు అక్కడ 931 గిగాబైట్లుగా కనిపిస్తుంది. ఈ గందరగోళాన్ని తొలగించడానికి 1998లో కిబి, మెబి, గిబి అనే ప్రత్యేక ఉపసర్గలను ప్రవేశపెట్టారు.

కావున ఏ వేగాన్ని చూసినా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది బిట్లలో ఉందా, బైట్లలో ఉందా? ఒక బైట్‌కు మార్గంలో ఎన్ని బిట్లు ఖర్చవుతున్నాయి? నిర్వహణకు పోగా మనకు మిగిలేదెంత? వీటికి సమాధానం దొరికిన తరువాతనే రెండు వేగాలను పక్కపక్కన నిలపాలి.

అభ్యాసం

1. సాటా వేగాన్ని పదితోను, ఎస్.టి.ఎం. వేగాన్ని ఎనిమిదితోను ఎందుకు భాగించాలి?
2. సెకనుకు 3 గిగాబిట్ల సాటా మార్గం ఎన్ని మెగాబైట్లను మోయగలదు?
3. ఎస్.టి.ఎం-1 వేగం 155.52 మెగాబిట్లు ఎలా అయిందో వివరించండి.
4. సంధులు: ప్రత్యక్షరము = ప్రతి + అక్షరము (యణాదేశ సంధి); అత్యవసరము = అతి + అవసరము (యణాదేశ సంధి).
5. సమాసం: కాంతి తంతువు - ఈ సమాసానికి విగ్రహవాక్యం రాసి, సమాసనామం పేర్కొనండి.