ఇంజను తెల్లపొగ: దాని కారణములు, పరీక్షలు

వైద్యుడు నాడిని బట్టి రోగమును గుర్తించునట్లు, పొగగొట్టము నుండి వెలువడు పొగను బట్టి ఇంజను స్థితిని గుర్తింపవచ్చును. నల్లపొగ వచ్చినచో గాలి చాలకయో, డీజిలు మితిమీరియో పూర్తిగా కాలుట లేదని యర్థము. నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలు సిలిండరులోనికి చేరి కాలుచున్నదని యర్థము. ఈ రెంటిని ట్రాక్టరు, ఆయిలింజను గల రైతులలో పెక్కుమంది ఎరుగుదురు. తెల్లపొగ విషయముననే పొరపాట్లు మెండు. ఏలయన అది ఒక్కటి కాదు. నిరపాయకరమైన నీటి ఆవిరి, కాలని డీజిలు, రేడియేటరు నీరు అను మూడును తెల్లపొగ వలెనే కంటికి కనుపించును. మొదటిదానికి చికిత్స అక్కరలేదు. రెండవది తరచుగా స్వల్పవ్యయముతో బాగుపడును. మూడవదానిని ఉపేక్షించినచో ఇంజనే పాడగును. ఈ మూడింటిని వేరుపరచి తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

డీజిలు మండు విధము

పెట్రోలు ఇంజనునందువలె డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు లేదు. పిస్టను గాలిని అదిమి, దాని పరిమాణమును సుమారు 16వ వంతునకో 18వ వంతునకో తగ్గించును. సైకిలు పంపు కొట్టునప్పుడు దాని అడుగు వేడెక్కుట అందరకు అనుభవమే. అట్లే అదుమబడిన గాలి 500 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి కాగును. అప్పుడు నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా, అది తనంతట మండును. 1897లో జర్మనీ దేశమందలి ఆగ్స్‌బర్గు పట్టణమున రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన యంత్రమునకు మూలసూత్రమిదియే. కావున వేడి చాలకున్నను, తుంపర చెడినను, చిమ్ము వేళ తప్పినను డీజిలు మండక తెల్లని మంచువలె బయటికి పోవును.

మొదటిది: నీటి ఆవిరి

1 లీటరు డీజిలు పూర్తిగా కాలినచో సుమారు 1 లీటరు నీరు పుట్టును. ఇది ఆవిరి రూపమున పొగగొట్టము గుండా పోవుచుండుటచే పగటి ఎండలో కంటికి కనబడదు. మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున చల్లగాలి తగిలి తెల్లనగును. ఇది పలుచగా నుండి, కొంత దూరములోనే మాయమగును. కన్నులను మండింపదు. ఇంజను కాగినపిదప తగ్గిపోవును. దీనికై మెకానిక్కును పిలువ పనిలేదు.

రెండవది: కాలని డీజిలు

ఇది ఘాటైన వాసన కలిగి, కన్నులను మండించును. గాలిలో చాలసేపు నిలుచును. తరచుగా ఇంజను దడదడలాడుచు, బలము తగ్గి నడచును. దీనికి కారణములు అయిదు.

1. ఇంజను మితిమీరి చల్లబడుట. పంపు నుండి బావినీటిని పాయ తీసి ఇంజను చుట్టు పారించు చోట, ఆ నీరు అధికమైనచో ఇంజను ఎన్నటికిని తగినంత కాగదు. కుళాయిని కొంత బిగించి నీటిని తగ్గింపవలెను. ట్రాక్టరులో వేడిని క్రమపరచు థెర్మోస్టాటును కొందరు ఊడదీసి పారవేయుదురు. ఇది హానికరము. ఇంజను చల్లగా నడచినచో డీజిలు వ్యర్థమగుటయే గాక సిలిండరు త్వరగా అరుగును.

2. డీజిలులో నీరు కలియుట. సగము ఖాళీయైన పీపాలో రాత్రివేళ తేమ నీరై అడుగునకు చేరును. పీపాను ఒక ప్రక్కకు వాల్చి యుంచి, అడుగున నున్నదానిని తోడక పైభాగమునుండి తీసికొనవలెను. ఫిల్టరు అడుగున నుండు మరను అప్పుడప్పుడు విప్పి నీటిని వదలవలెను.

3. నాజిలు చెడి, తుంపరకు బదులు బొట్లుగా కారుట.

4. పంపు డీజిలును ఆలస్యముగా చిమ్మునట్లు అమరి యుండుట. పంపును విప్పి బిగించిన పిమ్మట తెల్లపొగ మొదలైనచో ముందుగా దీనిని అనుమానింపవలెను.

5. పిస్టను రింగులు అరుగుటచేతనో, వాల్వులు సరిగా మూయకుండుటచేతనో గాలి తగినంత అదుమబడకుండుట. ఇట్టి ఇంజను ఉదయము లేచుటకు మొరాయించును.

చవుకయైన పరీక్షలన్నియు ముగియక మునుపు అయిదవ కారణమునకు పోరాదు. డీజిలులో నీరుండగా ఇంజనును విప్పించి రింగులు మార్పించినవానికి ధనము పోవును, దుక్కి అదను పోవును, పొగ మాత్రము పోదు.

మూడవది: రేడియేటరు నీరు

ఇంజను హెడ్డునకును బ్లాకునకును నడుమనుండు గాస్కెట్టు కాలినను, హెడ్డు చిట్లినను, లైనరు పగిలినను నీరు సిలిండరులోనికి చేరి ఆవిరియై తెల్లగా వచ్చును. ఇంజను బాగుగా కాగినను ఈ పొగ తగ్గదు. బయట ఎచ్చటను కారకయే రేడియేటరు నీరు దినదినము తరుగును. కూలెంటు కలిపిన నీరైనచో కొంత తీపి వాసన యుండును. గాలితో చల్లారు ఇంజనులకు నీటి అర లేదు గనుక వానికి ఈ దోషము కలుగదు. కాని పైకి తెరచియున్న పొగగొట్టము గుండా వాననీరు ఏ యింజనులోనికైనను దిగవచ్చును. దానికి మూత యుండవలెను.

ఇందలి ప్రమాదమును చక్కగా గ్రహింపవలెను. రాత్రి నిలిపిన ఇంజనులో నీరు మెల్లగా పిస్టను మీద చేరవచ్చును. గాలి అదుమబడును గాని నీరు అదుమబడదు. ఉదయమున సెల్ఫు కొట్టినంతనే పిస్టను ఆ నీటికి తాకి, కనెక్టింగు రాడ్డు వంగును. గాస్కెట్టుతో పోవలసిన ఖర్చు ఇంజను మొత్తమునకు ప్రాకును. కావున అనుమానము కలిగిన నాడే ఇంజనును నిలిపి, చల్లారిన పిమ్మట నీటిని వదలివేసి, మెకానిక్కు వచ్చి నాజిళ్లు తీసి చేతితో త్రిప్పి చూచువరకు సెల్ఫు కొట్టరాదు. వదలిన కూలెంటు విషపదార్థము. తియ్యగా నుండుటచే పశువులు త్రాగును. కుడితి తొట్టికిని కాలువకును దానిని దూరముగా నుంచవలెను.

పరీక్షించు క్రమము

మొదట, ఇంజను చల్లగా నున్నప్పుడు మాత్రమే రేడియేటరు మూత తీసి నీటి మట్టమును గురుతు పెట్టుకొనవలెను. కాగిన ఇంజను మూత తీసినచో వేడినీరు చిమ్మి ముఖము కాలును.

రెండవది, డిప్‌స్టిక్కును తీసి చూడవలెను. ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగున నున్నచో అందులో నీరు చేరినట్లే. అట్టి ఇంజనును ఒక్క నిమిషమైనను నడుపరాదు, బేరింగులు పోవును.

మూడవది, ఆయిలు బాగున్నచో, మూత తీసియుంచి చల్లని ఇంజనును నడిపింపవలెను. నీటిలో బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో గాస్కెట్టు కాలినట్లు అనుమానింపవలెను. నీరు కాగుటకు ముందే ఇంజనును ఆపవలెను.

నాలుగవది, శుభ్రమైన ఇనుప రేకును పటకారుతో పట్టి పొగకు అడ్డముగా కొద్దిసేపు ఉంచవలెను. జిడ్డును, డీజిలు వాసనయు అంటినచో కాలని డీజిలు. నీటిబొట్లు మాత్రమే పట్టి, జిడ్డు లేక ఆరిపోయినచో నీటి ఆవిరి. ఈ పరీక్షను బయలునందే చేయవలెను. మూసిన పాకలో ఇంజను పొగ ప్రాణాంతకము.

ఏ సిలిండరు మండుట లేదో తెలిసికొనుటకు పాత ఇంజనులలో మెకానిక్కులు నాజిలు గొట్టములను ఒక్కొక్కటిగా వదులు చేసి చూతురు. కామన్‌రెయిలు ఇంజనులలో ఈ పని ఎన్నడును చేయరాదు. అందు డీజిలు ఒత్తిడి 1000 బార్లకు మించవచ్చును. సన్నని ధార చర్మమును చీల్చి లోనికి దూరును.

ముగింపు

గాస్కెట్టు కాలుటకు ప్రధాన హేతువు ఇంజను మితిమీరి వేడెక్కుట. నూర్పిళ్ల కాలమున రేడియేటరు రేకుల నడుమ పొట్టు, ధూళి పేరుకొనును. ప్రతిదినము దులుపవలెను. ఫ్యాను బెల్టు బిగువు చూడవలెను. ఉడుకుచున్న ఇంజనులో చన్నీరు పోయరాదు, హెడ్డు చిట్లును.

ట్రాక్టరును సభ్యులకు అద్దెకిచ్చు సంఘములు ప్రతి ఉదయము నీటి మట్టమును, ఆయిలు రంగును ఒక పుస్తకమున వ్రాయించుట మేలు. పొగ ఎప్పుడు మొదలైనది, కాగిన పిదప తగ్గినదా, వాసన ఎట్టిది, నీరెంత తరిగినది అను నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పగల రైతు అక్కరలేని విప్పుళ్లను తప్పించుకొనును. యంత్రమును బాగుచేయుట మెకానిక్కు పని. దాని లక్షణములను కనిపెట్టి యుండుట యజమానుని పని.