చేతులు కట్టుకోవాల్సింది మాస్టారే

మెగా డీఎస్సీ 2025లో ఉద్యోగాలొచ్చి మా అరసవల్లి చుట్టుపక్కల బడుల్లో చేరినవాళ్ళు కొందరు, ఆదివారం సూర్యనారాయణస్వామి గుడికొచ్చినప్పుడు దర్శనం అయ్యాక మా అరుగు మీద కాసేపు కూర్చుంటున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: ఒకటి, రెండు తరగతుల గుంటలతో ఏం చేయించాలి మాస్టారూ? అడిగారు కాబట్టి చెప్తున్నాను. రిటైరైన మాస్టారు అడక్కపోయినా చెప్తాడు, అది వేరే సంగతి.

1. కృత్యం పిల్లలది, చూపు మనది.

1980ల్లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. దానికి ఆరు సూత్రాలు. కృత్యాలు టీచరే తయారుచేసుకోవాలి. పిల్లలు చేసి, వెతికి, ప్రయోగం చేసి నేర్చుకోవాలి. ఒక్కొక్కరుగా, జట్టుగా, తరగతంతా కలిసి పనిచెయ్యాలి. పిల్లకీ పిల్లకీ ఉన్న తేడా గమనించాలి. ఊళ్ళో దొరికేదే వాడుకోవాలి. పిల్లలు చేసినవాటితో గది కళకళలాడాలి. ఆ తర్వాత డీపీఈపీ వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది, 2021లో నిపుణ్ భారత్ వచ్చింది. ఈ ఆరింటినీ దాటి కొత్తగా చెప్పింది నాకు పెద్దగా కనిపించలేదు.

ఆ ఆరింట్లో విడిగా చెప్పనిది ఒకటుంది. పిల్లలు పనిలో పడ్డాక మాస్టారు నోరు మూసుకోవాలి. మనం పిల్లల్ని చేతులు కట్టుకోమంటాం గానీ, ఆ పది నిమిషాలూ కట్టుకోవాల్సింది మనమే. చింతపిక్కలు పంచిపెట్టి, లెక్కపెట్టమని, వాళ్ళు మూడు దాకా వచ్చేసరికే ‘ఆఁ, తర్వాత నాలుగు’ అని మనమే అందించేస్తే అది కృత్యం కాదు, మన పాఠమే పిక్కలతో. ఎవరు వేలితో తాకి లెక్కపెడుతున్నారు, ఎవరు ఒకే పిక్కని రెండుసార్లు లెక్కేస్తున్నారు, ఎవరు పక్కవాడి నోరు చూసి అంటున్నారు: ఇవి చూడ్డానికే కృత్యం. రేపటి పాఠం అక్కడే దొరుకుతుంది.

2. పలక మీద తప్పిన లెక్క కొట్టు దగ్గర తప్పదు.

గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే ఒకావిడ కూతురు నా దగ్గర మూడో తరగతి చదివేది. పలక మీద 50లోంచి 35 తీసెయ్యమంటే 25 అని రాసేది. సున్నాలోంచి అయిదు పోదు కాబట్టి అయిదులోంచే సున్నా తీసేసేది. అదే పిల్ల సాయంత్రం కొట్టు మీద కూర్చుని, ముప్పై అయిదు రూపాయల కాయకి యాభై కాగితం ఇస్తే, చిల్లర డబ్బా వైపు చూడకుండానే పదిహేను తీసి చేతిలో పెట్టేది. ఎలా లెక్కేశావే అంటే, ‘ముప్పయ్యయిదుకి అయిదేస్తే నలబై, ఇంకో పదేస్తే యాబై, అంతే కదేటి మాస్టారూ’ అంది. తీసివేతని కూడికగా చేస్తోంది. పలక మీద అలా చెయ్యొచ్చని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

ఇది మన ఊరి వింతేం కాదు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద జరిగిన పరిశోధన 1985లో అచ్చయింది. అందులోనూ కొబ్బరికాయలే! కాయ 35 క్రుజేరోలైతే పది కాయలెంత అని అడిగితే, పన్నెండేళ్ళ కుర్రాడు మూడు కాయలకి 105 అని మొదలుపెట్టి, మూడేసి కలుపుకుంటూ వెళ్ళి, చివర ఒకటి చేర్చి 350 అన్నాడట. పదితో గుణిస్తే పక్కన సున్నా చేర్చడమే అన్న బడి పద్ధతి జోలికే వాడు పోలేదు. ఆ పిల్లలకే అవే లెక్కలు కాగితం మీద ఇస్తే తప్పులు ఎక్కువొచ్చాయి.

కాబట్టి ముందు కొట్టు పెట్టండి. అట్టముక్కల నోట్లు చాలు. తర్వాత చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించండి. అయిదు కట్టలిచ్చి ముప్పై అయిదు పుల్లలు తీసెయ్యమంటే, మూడు కట్టలు పక్కన పెట్టి, నాలుగోది విప్పక తప్పదని వాళ్ళకే తెలుస్తుంది. ఆ విప్పడమే పలక మీద మనం ‘అప్పు తేవడం’ అంటాం. విప్పిన చెయ్యి గీత కింద 25 రాయదు.

3. ఇంటి మాటని గుమ్మం బయట ఒగ్గీమనకండి.

గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో, 1863 ఆగస్టు 29న. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. జనం మాట్లాడే తెలుగు బడిపుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం.

ఆగస్టు 29న పొద్దున్న ఆయన పటానికి దండ వేస్తాం. మధ్యాహ్నం ఒకటో తరగతి పిల్ల లేచి ‘నానెల్తాను మాస్టారూ’ అంటే, అందరి ముందూ నిలబెట్టి దిద్దుతాం. ఆ పిల్ల మర్నాటి నుంచి దిద్దుకుని మాట్లాడదు, అసలు మాట్లాడ్డమే మానేస్తుంది. పుస్తకం తెలుగు రావాలి, వస్తుంది, మూడో తరగతికి కథలు చదివితే దానంతటదే వస్తుంది. ముందు పిల్ల చెప్పిన వాక్యం చెప్పినట్టే బోర్డు మీద రాసి, దాన్నే చదివించండి. తన నోట్లోంచి వచ్చిన మాట అక్షరాల్లో కనిపించిన రోజు ఆ పిల్ల మొహం చూడాలి మీరు. ఇప్పుడు ఇంగ్లీషు మీడియం కదా అంటారు. అయితే ఈ పని ఇంకా ఎక్కువ చెయ్యాలి.

4. సూర్యుడున్న ఊళ్ళో సైన్సు కిట్టు కోసం ఎదురుచూడకండి.

మీటరు కర్ర ఒకటి బడి వాకిట్లో నిలువుగా పాతండి. జూన్ 12న బడి తెరిచిన వారంలో, ఎండ కాసిన రోజు, పన్నెండింటికి నీడ చివర సుద్దముక్కతో గీత పెట్టించండి. నీడ బెత్తెడే ఉంటుంది, అదీ దక్షిణానికి పడుతుంది. జూలై నెలాఖరుకి, ఆగస్టు మొదటి రోజుల్లో, నీడే ఉండదు, సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మబ్బు పడితే మన ఖర్మ. డిసెంబరు నెలాఖరుకి అదే కర్రకి ఉత్తరంగా దాదాపు రెండు మూరల నీడ. చిన్నపిల్లలకి కొలతలు వద్దు, దారంతో కొలిచి, దారం తుంచి, నెల పేరు రాసి అట్ట మీద అంటించమనండి. సూర్యుడి వైపు మాత్రం తేరిపార చూడనివ్వకండి.

‘నీడెటెల్లిపోయింది మాస్టారూ?’ అని అడుగుతారు. జవాబు చెప్పెయ్యాలని నాలుక దురద పెడుతుంది. ఆగండి. దారాలు జరుగుతున్న వైపు వాళ్ళని చూడనివ్వండి.

పెద్ద తరగతులకి ఇంకో పని. మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబరు మొదట్లో, తొలి కిరణాలు మా గుళ్ళో స్వామి పాదాల మీద పడతాయని ఎక్కడెక్కడివాళ్ళో వస్తారు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు? సూర్యుడు ఏ తాటిచెట్టు పక్కనుంచి లేస్తున్నాడో ఇంటి గుమ్మంలోంచి నెలకోసారి బొమ్మ గీసి తెమ్మనండి. డిసెంబరు నుంచి జూన్ దాకా ఉత్తరానికి జరుగుతాడు, తర్వాత వెనక్కి వస్తాడు. వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అదే చోటు దాటుతాడు. బొమ్మలు వరసగా పెడితే ఈ సంగతి అయిదో తరగతి పిల్లే చెప్పేస్తుంది. దేవుడి మహిమకి దీనివల్ల లోటేం రాదు, పూజారుల పిల్లలు కూడా నా దగ్గర ఈ బొమ్మలు గీసినవాళ్ళే.

5. గోల.

పనిచేస్తున్న పిల్లల గోలకీ, ఊరికే చేసే గోలకీ తేడా మీకు వారంలో తెలిసిపోతుంది. హెచ్చెమ్ గారికి తెలియడానికి ఇంకాస్త టైము ఇవ్వండి.

6. ఇద్దరు మాస్టార్లు, అయిదు తరగతులు.

అరవైమంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. అంటే చట్టం అక్షరాలా అమలైనా మీ చేతిలో రెండు మూడు తరగతులుంటాయి. ఇది ఎప్పుడో తీరిపోయే ఇబ్బంది అనుకుని కూర్చోవద్దు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు తమ పల్లెబడుల కోసం కార్డులు తయారుచేశారు. ఒక్కో పిల్ల తన మెట్టు చూసుకుని, తన కార్డు తీసుకుని, తన వేగంతో వెళ్తుంది. ఆ పద్ధతి తర్వాత తమిళనాడు బడుల దాకా వెళ్ళింది. మీరు అంత చెయ్యలేకపోయినా, వారానికి పది కార్డులు రాసుకోగలరు. ఒక గుంపుతో మీరు కూర్చుంటే మిగతావాళ్ళ చేతిలో పని ఉండాలి, అంతే.

7. గోడ.

పిల్లల బొమ్మలు, రాతలు పిల్లల కళ్ళెత్తులో ఉండాలి. ఇన్‌స్పెక్షన్‌కొచ్చేవాళ్ళ కళ్ళెత్తులో కాదు. అచ్చు చార్టులు కొనకండి, పదిరోజుల తర్వాత వాటిని ఏ పిల్లా చూడదు. మైదా జిగురుతో అంటిస్తే బొద్దింకలు వచ్చి సగం తినేస్తాయి. కిటికీ నుంచి కిటికీకి తాడు కట్టి బట్టల క్లిప్పులు పెట్టండి, వారం వారం మార్చుకోవచ్చు. క్లిప్పులు పిల్లలు జేబుల్లో వేసుకుపోతారు కాబట్టి ఒక డజను ఎక్కువే కొనండి.