మామ క్యాలిపర్ ఎందుకు చీలింది?

ఈసారి నేను సైన్సు పాఠం రాస్తున్నాను. ఇది మా మామ కాలు దగ్గర మొదలైంది.

మా మేనమామకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. నల్లమలలో మా పెంటలో అందరూ తేనెకు, గడ్డలకు పోతే ఆయన ఇంటికాడనే ఉంటాడు. ఒక క్యాంపులో ఆయనకు తెల్ల ప్లాస్టిక్ క్యాలిపర్ ఇచ్చారు. కొలత తీసుకున్న రోజే చేసి ఇచ్చేశారు. కొన్ని రోజులకే అంచులు విచ్చుకొని పిక్కకు ఒరుసుకుంది. తర్వాత చీలమండ దగ్గర చీలింది.

దసరా సెలవుల్లో మామతో హైదరాబాద్ పోయాను. అక్కడ తయారుచేసే అన్న నాకు దగ్గరుండి చూపించాడు. పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ రేకును ఓవెన్లో పెట్టాడు. తెల్లగా ఉన్నది వేడికి అద్దంలాగ అయింది. మెత్తబడ్డ రేకును మామ కాలి అచ్చు మీద కప్పి, లోపలి గాలి మిషన్‌తో లాగేశాడు. ఇట్లా వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడి, మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ మెత్తబడేదాన్ని థర్మోప్లాస్టిక్ అంటారు.

ఇక తీసుకొని పోదామని మామ లేచాడు. "రేపు రండి, రాత్రంతా అచ్చు మీదనే ఉండాలె" అన్నాడు ఆ అన్న. మామకు కోపం వచ్చింది. ఒక రోజు కూలి పోతుంది, పండుకునేందుకు చోటు లేదు. ఎందుకని నేను అడిగాను.

ఆయన చెప్పింది, మా సైన్సు టీచర్ చెప్పింది కలిపి రాస్తున్నాను. ప్లాస్టిక్ చల్లారుతుంటే సంకోచిస్తుంది. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత ముడుచుకోబోతే పైపొర ముడుచుకోనివ్వదు. లోపల లాగుడు, పైన నొక్కుడు అట్లనే మిగిలిపోతాయి. ఎవరూ ముట్టకున్నా ఉంటాయి. ఇట్లా మిగిలినదాన్ని అవశేష ప్రతిబలం అంటారు. నీళ్ళు పోసి తొందరగా చల్లారిస్తే ఇంకా ఎక్కువ. వేడిగా ఉండగానే అచ్చు నుండి తీస్తే పట్టి ఆపేది లేక వంకర పోతుంది.

కొన్నింటిలో బలం కోసం గాజు పోగులు కలుపుతారు. అది మిశ్రమ పదార్థం. అక్కడ ఇంకొక తిప్పలు. 100 డిగ్రీలు చల్లారితే మీటరు పొడవు పాలిప్రొపిలీన్ సుమారు 1 సెంటీమీటరు తగ్గుతుంది. గాజు అర మిల్లీమీటరే తగ్గుతుంది. రెండూ అతుక్కొని ఉన్నాయి కదా! మన గుడిసె తడికెకు మట్టి మెత్తితే ఇదే చూస్తాం. మట్టి ఆరి ముడుచుకుంటుంది, వెదురు ముడుచుకోదు, బద్దల వెంబడే పర్రెలు వస్తాయి. అక్కడ పోయేది నీరు, ఇక్కడ వేడి. ఎండాకాలంలో మెత్తితే మా అవ్వ తడి గోనెసంచులు కప్పేది.

మెల్లగా చల్లార్చితే అంతా బాగేనా? కాదట. అప్పుడు పాలిప్రొపిలీన్‌లో స్ఫటికాలు ఎక్కువ ఏర్పడతాయి. గట్టిగా ఉంటుంది గాని ముడుచుకునేది ఎక్కువ, కొంత పెళుసు కూడా. ఇది నాకు రెండుసార్లు చెప్పించుకుంటే గాని అర్థం కాలేదు.

1989లో మొదటిసారి ఎగిరిన అగ్ని క్షిపణి కోసం చేసిన తేలిక మిశ్రమ పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరు ఒకరు చూసి, అబ్దుల్ కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకుపోయారట. అక్కడ పిల్లలు 3 కిలోల ఇనుప క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కలాం గారు, ఆయన తోటివాళ్ళు 300 గ్రాములవి చేసి ఇచ్చారు. మామకు ఇది చెపితే "రాకెట్టు సామానా!" అని నవ్వాడు. కోపం తగ్గింది. ఆ రాత్రి బస్టాండులో పండుకున్నాం.

పాతది చల్లార్చిన తీరు వల్లనే చీలిందని నేను ఖాయంగా అనలేను. ఎండ ఉంది, రోజూ వేల అడుగులు ఉన్నాయి. అంచులు విచ్చుకున్నది మాత్రం వేడిమీద తీసినందుకే అని ఆ అన్న అన్నాడు.

కొత్తది వానకు తడిస్తే మామ పొయ్యి పక్కన పెట్టాడు. నేను ఉరికి తీశాను. మళ్ళీ వేడి తగిలితే లోపల మిగిలిన బిగువు వదిలి వంకర పోతుంది మామా అన్నాను. ఇప్పుడు దూలానికి వేలాడదీస్తున్నాడు.

– 9వ తరగతి విద్యార్థిని